పన్నెండా, నలభై ఎనిమిదా

బూదిగెరె దాటాక మట్టిరోడ్డు ఎడమకు తిరిగేచోట
మా ఇల్లు.
గోడలు లేచాయి, కప్పు పడింది, సున్నం ఆరింది.
ఓసీ కాగితం మాత్రం ఏ బల్ల మీదో నిద్రపోతోంది.
అది లేవందే మీటరు లేదన్నారు కరెంటాఫీసులో.
రాత్రుళ్ళు విమానాలు ఒళ్ళంతా దీపాలేసుకుని
మా నెత్తిమీదుగా కిందికి దిగుతాయి.
ఆ వెలుతురుతో సూదిలోకి దారం ఎక్కదు.

యతిరాజు తన క్యాబ్‌లోంచి తీసిన పాత బ్యాటరీని
నట్టింట్లో దింపి చేతులు దులుపుకున్నాడు.
"పన్నెండు వోల్టులు చాలు. ఇంట్లో ఉన్నదే కదా."
ఉన్నదాంతో సరిపెట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.
అద్దింట్లో ఉన్నప్పుడు కిటికీకి కర్టెను బదులు
నా పాత లంగా కట్టాడు, మూడేళ్ళు.

చెంగల్రాయప్పని పిలిచాను.
టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ బ్యాటరీ గదిలో ముప్పై ఒక్కేళ్ళు.
ఆయన చొక్కాలకు యాసిడ్ పెట్టిన చిల్లులు
రఫూ చేసింది నేనే.
క్యాలెండరు కాగితం వెనక లెక్క రాశాడు:
మిక్సీ, నీళ్ళ మోటారు, కుట్టుమిషను, రెండు ఫ్యాన్లు,
అన్నీ ఒక్కసారి అడిగితే పన్నెండొందల వాట్లు.
పన్నెండులో అయితే నూరు ఆంపియర్లు.
ఇరవై నాలుగులో యాభై.
నలభై ఎనిమిదిలో ఇరవై ఐదు.
"పని అంతే. తోపులాటే వేరు.
మెజెస్టిక్‌లో ఒక్క బస్సుకు నూరు మంది ఎగబడ్డట్టు
తీగలో రద్దీ. రద్దీ అంటే వేడి.
సగం మందే ఎక్కితే వేడి సగం కాదమ్మాయ్, పావు."

ఆ పావు నాకు తెలుసు.
చదరపు రుమాలు అంచు సగం చేస్తే
పట్టే గుడ్డ సగం కాదు, పావే.

ఎస్పీ రోడ్డులో తీగ అడిగాను.
నూరు ఆంపియర్లు మోసే రాగి చూపుడువేలంత లావు.
మీటరు ధర విన్నాక ఆ వేలే ముక్కున వేసుకున్నాను.

"మరి నలభై ఎనిమిది తీసుకోనా?"
తలూపుతాడనుకున్నా. ఊపలేదు.
ఎక్స్‌ఛేంజీ అంతా దాని మీదే బతికిందట,
ఊరు ఊరంతా మాట్లాడుకుంది దాని మీదేనట.
"అది ఊరికి. నీకు ఇరవై నాలుగు సరిపోద్ది.
నాలుగింటిని వరసలో కడితే
ఒకటి జబ్బుపడితే నాలుగూ మంచమెక్కుతాయి.
రేపు పాతవాటి పక్కన కొత్తది చేర్చావనుకో,
దాన్నీ ముసలిదాన్ని చేసి కూర్చోబెడతాయి.
ఇంకోటి.
పన్నెండు మన పొరపాటుని మన్నిస్తుంది.
నలభై ఎనిమిది గుర్తుపెట్టుకుంటుంది."

ఆ రాత్రి కుట్టలేదు. కొవ్వొత్తి దగ్గర కూర్చున్నా.
పన్నెండు మా ఆయన చేతిలో ఉన్నది.
ఇరవై నాలుగు ఇవాళ్టి నా కొలత, నిజమే.
కానీ ఎదిగే పిల్లకు గౌను కుట్టేటప్పుడు
లోపల రెండంగుళాలు మడిచి వదలడం నా అలవాటు.
ఎవరూ అడగరు. వదుల్తాను.
హొసకోటె దారిలో మూతబడ్డ గార్మెంట్సులో
ఓవర్‌లాక్ మిషను ఒకటి అమ్మకానికుంది.
జయశీల, ముబీనా పని అడిగి వెళ్ళారు,
ముబీనా రెండుసార్లు.

పొద్దున్నే చెప్పాను, నలభై ఎనిమిది అని.
రెండు పెద్దవి బదులు నాలుగు చిన్నవి. నిల్వ ఒకటే.
ఇన్వర్టరు ఖరీదే మోయలేనంత, చీటీ డబ్బంతా దానికే.
యతిరాజు రెండ్రోజులు మాట్లాడలేదు.
మూడో రోజు అడక్కుండానే ఇనప స్టాండుకు రంగేశాడు.
నాలుగింటినీ నేనొక్కదాన్నే ఎత్తిపెట్టాను,
మధ్యమధ్యలో గుమ్మం మీద కూర్చుని.

"గాజులు తీయ్," అన్నాడు చెంగల్రాయప్ప
స్పానరు చేతికిచ్చే ముందు.
ఆయన ఉంగరం వేలికి ఉంగరం లేదు.
ఉంగరం ఆకారంలో కాలిన మచ్చ ఉంది.
అడగలేదు.

ఆ రాత్రి ఒక్క మిషనే నడిచింది.
తొమ్మిది స్కూలు చొక్కాలకు కాలర్లు పడ్డాయి.
మధ్యలో లేచి వెళ్ళి తీగ ముట్టుకుని చూశాను.
చల్లగా ఉంది.
నమ్మకం కుదరక
ఇంకోసారి ముట్టుకున్నాను.